ఇరవై ఏళ్ల గీత, గంగాళం పులిహోర

భీమశంకరానికి ఒకటే బాధ. తన మాట గురువుగారు నమ్మడం లేదు.

అలాగని కాదనడమూ లేదు. కాదంటే వాదించవచ్చు. స్వామివారు "ఊఁ" అంటారు. ఆ ఊఁ ఉంది చూశారూ, మన మొక్కులన్నీ విని పైనున్న పరమాత్మ అనే ఊఁ లాంటిది. ఒప్పుకున్నట్టో, వాయిదా వేసినట్టో ఎవరికీ తేలదు.

స్వామివారి పేరు నిత్యతృప్తానంద. సముద్రపు ఒడ్డున, ఉప్పు మడుల పక్కన ఆశ్రమం. వచ్చినవాళ్లకి ముందు విస్తరి, తర్వాతే దర్శనం. భీమశంకరం పట్నంలో గ్యాసు వ్యాపారానికి లెక్కలు కట్టే ఉద్యోగం వదిలి అక్కడ చేరాడు. ఉద్యోగం వదిలాడు గానీ లెక్కలు వదల్లేదు. నవ్వకండి. గుడి మెట్ల దగ్గర మనం మాత్రం? చెప్పులు విడిచి లోపలికి వెళతాం, మనసు చెప్పుల దగ్గరే కాపలా ఉంటుంది.

ఇలా ఉండగా ఆ తీరంలో సముద్రం అడుగున గ్యాసు పడింది. ఒక కంపెనీ వచ్చింది. ఆ గ్యాసుని విపరీతమైన చలిలో నీళ్లలా చేసి, ఓడల్లో పై దేశాలకి పంపుతారట. అందుకు ఒడ్డున స్థలం కావాలి. ఉప్పు మడులు ఇచ్చేస్తే, ఎగుమతిలో ఊరికి ఇరవై ఏళ్లు వాటా ఇస్తామన్నారు.

ఊరి పెద్ద కొల్లాటి నూకయ్య తువ్వాలు చేతిలో నలుపుతూ భీమశంకరం దగ్గరికొచ్చాడు.

"బాబూ, తమరు ఆ పనిలోంచే వచ్చారు. ఇరవై ఏళ్లూ ఓడలు వస్తాయంటారా? ఎల్లుండే సంతకాలు. మడిలో మట్టి పోశాక మళ్లీ ఉప్పు పండదు బాబూ."

"రేపు సాయంత్రం రండి. ఇరవై ఏళ్ల గిరాకీని గీత గీసి చూపిస్తాను," అన్నాడు భీమశంకరం.

గీశాడు. పెద్ద కాగితం తెచ్చి మరీ గీశాడు. ఆ గీత కింద మూలన పుట్టి, పైకి పైకి పోయి, కాగితం చాలక ఆగింది. దాన్ని స్వామివారి ముందు పరిచాడు.

"ప్రపంచంలో జనం పెరుగుతున్నారు స్వామీ. జనం పెరిగితే పొయ్యిలు పెరుగుతాయి. పొయ్యిలు పెరిగితే గ్యాసు కావాలి. ఇంతే."

"కొనేవాళ్లు ఎండతో కరెంటు తీసుకుంటున్నారట కదా నాయనా?"

"రాత్రి ఎండ ఉండదుగా స్వామీ!"

"బ్యాటరీలట?"

"ఖరీదు స్వామీ."

"తగ్గుతోందిట?"

"అదీ కలిపే గీశాను."

"ఊఁ," అన్నారు స్వామివారు. కాసేపు ఆ గీత వైపే చూశారు. "రేపు మన అన్నదానానికి ఎంతమంది వస్తారో కూడా చెప్పగలవా?"

భీమశంకరం ఛాతీ విచ్చుకుంది. "నెలరోజులుగా జనం పెరుగుతూనే ఉన్నారు. రేపు మూడు వందలకి తగ్గరు స్వామీ."

"అయితే పులిహోర కలిపించు. నువ్వే దగ్గరుండాలి సుమా."

వంటింటి సూరమ్మ అది విని, "రేపా? రేపు మరి..." అంటూ నోరు తెరిచింది. స్వామివారికి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది. సూరమ్మ ఆయన ముఖం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. ఆడవాళ్లకి పులిహోరంటే ఎంత సంబరమో అనుకున్నాడు మనవాడు.

తెల్లారింది. జనం వచ్చారండీ! మూడు వందలు కాదు, అంతకంటే ఎక్కువే. తులసిమాలలు, భజనలు, గోవింద నామాలు, నిలబడ్డానికి చోటు లేదు.

"చూశారా స్వామీ!" అన్నాడు భీమశంకరం.

"ఊఁ."

విస్తళ్లు పరిచారు. ఇంగువ తాలింపు వాసన వీధి చివరిదాకా పాకింది. గంట కొట్టారు. ఒక్కరు కూర్చోలేదు.

భీమశంకరం తనే పళ్లెం పట్టుకుని ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు. "రండమ్మా, వేడిగా ఉంది."

"రామ రామ! ఏకాదశి పూట అన్నం పెడతావేమిటయ్యా?" అందావిడ రెండడుగులు వెనక్కి వేసి.

పక్కాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఆశ్రమంలోనేనా ఉండేది నువ్వు?" అన్నాడు.

ఇంకొకాయన బతిమాలాడు. "నీకు పుణ్యముంటుంది, ఆ గంగాళం మీద మూత పెట్టు నాయనా. వాసనకే ఉపవాసం చెడేట్టుంది."

ఏకాదశి కాబట్టే అంతమంది వచ్చారు. ఏకాదశి కాబట్టే ఒక్కరూ తినరు. పసిపిల్లలు కాస్త తిన్నారు. తక్కిన పులిహోర గంగాళంలో పసుపు కొండలా నిలబడి ఉంది. దాని పక్కన భీమశంకరం కూర్చున్నాడు, గరిటె చేత్తో పట్టుకుని.

సాయంత్రం నూకయ్య మరో ఇద్దరు పెద్దలతో వచ్చాడు. వాళ్లూ ఉపవాసమే. గంగాళం చూసి గతుక్కుమన్నాడు.

"అయ్యో! బాబుగారి లెక్క తప్పిందా?"

అరుగు మీద నుంచి స్వామివారు అన్నారు. "తప్పలేదు నూకయ్యా. చెప్పినట్టే జనమంతా వచ్చారు. ఆకలే రాలేదు."

భీమశంకరం గరిటె కింద పెట్టాడు. గంగాళం వైపు చూశాడు. గోడకి ఆనించిన గీత వైపు చూశాడు.

"మా సంగతి చెప్పండి బాబూ," అన్నాడు నూకయ్య. "ఓడలు వస్తాయా?"

"నాకు తెలీదు నూకయ్య గారూ."

"అదేంటి బాబూ! కంపెనీవాళ్లు తమకి తెలుసునన్నారే?"

"వాళ్లదీ నా గీత లాంటిదే."

అని లేచాడు. ఆ పెద్ద కాగితాన్ని మూడు ముక్కలుగా చింపాడు. ఒక్కో ముక్కలో విస్తరాకు పరిచి, నాలుగు గరిటెల పులిహోర పెట్టి, పొట్లం కట్టి తలొకటి ఇచ్చాడు. "రేపు ద్వాదశి పారణకి తినండి."

నూకయ్య పొట్లం ముక్కు దగ్గర పెట్టుకోబోయి, ఉపవాసం గుర్తొచ్చి చటుక్కున దింపేశాడు. పైకి పోయే గీత మీద నూనె మరక పాకుతోంది.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

"మీ మడుల్లోదే," అన్నాడు భీమశంకరం.

నూకయ్య తక్కిన ఇద్దరి వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయితే రేపు పారణ కాగానే సంతకాలకి కాదు, మడికే పోదాం పదండ్రా," అన్నాడు.

అరుగు మీద స్వామివారు కళ్లు మూసుకుని ఉన్నారు.

"ఊఁ," అన్నారు.