కువలయ ఎంచిన పుస్తకాలు

విరజాపురం రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ ఆరేళ్లకే జ్వరంతో పోయింది. ఆ పాప పేరిట ఊరి పిల్లలందరికీ ఆయన పుస్తకశాల కట్టించాడు. అందులోకి పుస్తకాలను పాప ఆత్మే ఎంచుతుందన్నాడు రాజగురువు దండపాణి. కిటికీలు మూసిన గదిలో, తెర వెనక నుంచి సన్నటి గొంతు "ఇది కావాలి నాన్నా" అనేది. వింటున్న రాజుకు ఒళ్లు జలదరించేది. అయితే ఆ గొంతు కోరేవన్నీ దండపాణి రాసిన నీతులే. మిగతావన్నీ పొయ్యిపాలవుతున్నాయి.

తాటాకు పుస్తకాలకు నూనె రాసే సూరాంబ ఒకప్పుడు పాపకు కథలు చదివి వినిపించేది. ఒకరోజు ఆమె పొయ్యికి పోతున్న కథల పుస్తకమొకటి పట్టుకుని రాజు ముందుకొచ్చింది.

"ప్రభూ, తగలబెట్టే ముందు ఒక్కటి పాపకు వినిపించనివ్వండి."

"పాపకు నచ్చకపోతే నీ తల ఉండదు," అన్నాడు దండపాణి.

సూరాంబ చదివింది. కథలో ఉడుత పాముపుట్టలోకి తొంగిచూసింది. లోపల రెండు కళ్లు మెరిశాయి. అక్కడ ఆమె టక్కున పుస్తకం మూసేసింది. తెర వైపు చెవి ఒగ్గి, తర్వాత రాజు వైపు తిరిగింది.

"ఇక్కడ ఆపితే 'తర్వాత?' అని అడగని పిల్ల ఉంటుందా ప్రభూ? తెర వెనక ఉన్నది పిల్ల కాదు."

"త... తర్వాత?" అని తడబడింది గొంతు.

రాజు తెర లాగేశాడు. దండపాణి శిష్యుడొకడు, గడ్డం నెరిసినవాడు, ముక్కు నొక్కుకుని కూర్చున్నాడు. భటులు గురుశిష్యులిద్దరినీ ఈడ్చుకుపోయారు.

రాజు నేలమీద చతికిలబడ్డాడు. "అయితే నా తల్లి ఇక్కడ లేనే లేదన్నమాట."

"తర్వాత?" అని సూరాంబ మోకాలి పక్కనే ఎవరో అడిగారు.

ఇద్దరూ అటు చూడలేదు. సూరాంబ పుస్తకం విప్పి, ఆపిన చోటు నుంచి చదవసాగింది.