మిరియం కూర్చున్న చోటు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడతారు అందరూ. మన కథ ఊళ్ళో కాదు బంగారూ, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట. అక్కడ ఒక మేకల దొడ్డి. ఆ దొడ్డిలో మద్దిలేటి అని ఒక కాపరి, అతని కూతురు సుంకి, ఏడాది వయసు కుక్కపిల్ల ఒకటి. మిరియపు గింజలా నల్లగా గుండ్రంగా ఉందని సుంకి దానికి మిరియం అని పేరు పెట్టుకుంది.

ఆ దొడ్డికీ, అవతల గడ్డి ఉండే బీళ్ళకీ మధ్య ఒక కనుమ ఉంది. కనుమంటే రెండు కొండల నడుమ సన్నటి దారి. ఆ కనుమలో ఒక చిరుతపులి తిరిగేది. ఏం చేస్తారు మరి? ఎండాకాలం రాగానే ఇవతల గడ్డి మాడిపోతుంది, మందను దాటించక తప్పదు.

దాటేటప్పుడు కాపరులకు మూడు కట్టుబాట్లు. ఎవరూ నోరు మెదపకూడదు. మేకల మెడగంటల్లో గడ్డి కుక్కాలి. కుక్కను తాడుతో పట్టుకుని మందకు ముందు నడిపించాలి. వదిలేసిన కుక్క కుందేలు వెంట పొదల్లో దూరిందా, ఇక దాని పని అంతే.

కిందటేడు మిరియం తల్లి తాడుతోనే వెళ్ళింది. అయినా తిరిగి రాలేదు, తాడొక్కటే వచ్చింది. ఏం జరిగిందని ఎవరడిగినా మద్దిలేటి తల వంచుకుని పక్కకు వెళ్ళిపోయేవాడు.

ఈ ఏడు వంతు మిరియానిది. మద్దిలేటి కొక్కేనికి వేలాడే తాడు తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఎనిమిదినాళ్ళలో ఇది తాడుకు రావాల. రాకపోతే ఈడనే దొడ్డిలో వదిలిపెట్టి పోతాం" అన్నాడు.

సుంకి మిరియాన్ని ఒళ్ళోకి లాక్కుంది. మనుషులు లేని దొడ్డికి చిరుత రాకుండా ఉంటుందా? వచ్చాక ఒంటరి కుక్కపిల్లను వదులుతుందా? నువ్వే చెప్పు.

మొదటి రోజు సుంకి తాడు కట్టి లాగింది. మిరియం నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి కూర్చుంది. మెడ మీది తోలంతా ముడతలు పడి చెవుల దాకా వచ్చింది గానీ, అడుగు పడలేదు. రెండో రోజు జొన్నరొట్టె చూపించింది. రొట్టె తిన్నది, మళ్ళీ కూర్చుంది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అని సుంకి దాన్ని తిట్టింది. మూడో రోజు తాడు రెండో కొసను మేకపిల్ల మెడకు కట్టింది. మేకపిల్ల ఒక్క గెంతు గెంతేసరికి మిరియం నేలకు కరుచుకుపోయి ఉచ్చ పోసుకుంది. నవ్వకు, భయమేస్తే ఎవరైనా అంతే.

నాలుగో రోజు పక్క దొడ్డి ఓబులవ్వ వచ్చింది. మేకల్లోనే పుట్టి మేకల్లోనే నెరిసిన మనిషి. సుంకి ఏడుస్తూ అంతా చెప్పింది. అవ్వ ఆ తాడే సుంకి నడుముకు కట్టి గట్టిగా ఒక్క లాగు లాగింది. సుంకి కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలింది.

"నడవలేదేందే?" అంది అవ్వ.

"లాగితే భయమేసింది అవ్వా."

"దానికీ అంతే గదా."

ఆ తర్వాత అవ్వ తాడును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం మారిపోయింది. "ఇది దాని తల్లి మెడతాడు. ఎంత కడిగినా మనకే పోతాది వాసన, కుక్కకు పోదు. అమ్మ భయమంతా దీంట్లోనే ఉండాది పిల్లా" అంది.

మద్దిలేటికి ఆ సంగతి తట్టనే లేదు. మంచి నార తాడు, పారేయడమెందుకని వాగులో ఉతికి తగిలించాడంతే.

అప్పుడు అవ్వ సుంకి పాత పరికిణీని చింపి మూడు పాయలుగా అల్లింది. ఆ రాత్రి సుంకి ఆ కొత్త తాడును తలకింద పెట్టుకుని పడుకుంది. ఐదో రోజు మిరియం పడుకునే గోతంలో వేస్తే అది దాని మీదే ముడుచుకుని నిద్రపోయింది. ఆరో రోజు మెడకు కట్టి వదిలేస్తే ఈడ్చుకుంటూ దొడ్డంతా తిరిగింది. ఏడో రోజు సుంకి మెల్లగా రెండో కొస పట్టుకుంది. మిరియం వెనక్కి తిరిగి చూసింది, వాసన చూసింది, నడిచింది.

"వదులుగా పట్టుకో. తాడుకు రెండు కొసలుంటాయి. నువ్వు చెప్పేది దానికి పోతాది, అది చెప్పేది నీకొస్తాది" అంది అవ్వ.

ఎనిమిదో రోజు తెల్లవారగానే మంద బయల్దేరింది. మిరియం సుంకి చేతికి తప్ప ఎవరి చేతికీ రాదు. అందుకని సుంకే ముందు నడవాల్సి వచ్చింది. వెనకే, పనికొస్తుందని పాత తాడు నడుముకు చుట్టుకుని, గొడ్డలి భుజాన వేసుకుని మద్దిలేటి, అతని వెనక మంద. నా పక్కకు జరుగు, ఇక్కడ నాకూ భయమే.

కనుమలో పిట్ట కూత లేదు. మేకల గిట్టల చప్పుడొకటే. మొదటి మలుపులో మిరియం ముక్కెత్తి గాలి పీల్చింది, నడిచింది. రెండో మలుపులో చెవులు నిక్కించింది, నడిచింది. మూడో మలుపులో కూర్చుంది. అప్పటిదాకా వదులుగా ఉన్న తాడు సుంకి చేతిలో బిగుసుకుంది.

మద్దిలేటి నడువు అని చెయ్యి ఊపాడు. సుంకి తల అడ్డంగా ఊపింది. అతను ముందుకొచ్చి తాడు అందుకోబోయాడు. నాన్నకు చెబుదామంటే నోరు తెరవకూడదు. తాడు ఇచ్చేస్తే నాన్న లాగేస్తాడు. అప్పుడు సుంకి తాడును రెండు పిడికిళ్ళతో గుండెకు అదుముకుని మిరియం పక్కనే మట్టిలో కూలబడింది. నాన్న మాట కాదనడం ఆ పిల్లకు అదే మొదలు.

మద్దిలేటి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అంతలో పైనుంచి ఒక చిన్న రాయి దొర్లుకుంటూ వచ్చి సుంకి కాలి దగ్గర ఆగింది.

అతను తలెత్తి చూశాడు. పది అడుగుల ముందు, దారి మీదికి వంగిన బండ. బండ అంచున వేలాడుతూ ఒక మచ్చల తోక. దాని కొస మాత్రం మెల్లగా అటూ ఇటూ ఆడుతోంది.

ఇక కట్టుబాట్లెక్కడివి? మద్దిలేటి కేక పెట్టాడు. గంటల్లోంచి గడ్డి పీకేశాడు, గొడ్డలితో పక్కనున్న రాతిని టంగు టంగున మోదాడు. మేకలన్నీ ఒక్కసారి అరిచాయి. చిరుత లేచి నిలబడింది, వాళ్ళందరినీ ఒకసారి చూసింది. ఆ తర్వాత తీరిగ్గా కొండెక్కి వెళ్ళిపోయింది.

కనుమ దాటాక మద్దిలేటి బీడులో కూలబడ్డాడు.

"దీని తల్లి గూడా ఆడనే కూర్చునింది పాపా" అన్నాడు. "మొండికేసిందనుకుని నేనే ఈడ్చినా."

సుంకి వాళ్ళ నాన్న ఏడవడం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూసింది. అతను నడుముకు చుట్టుకున్న పాత తాడు విప్పాడు, గొడ్డలితో మట్టి తవ్వి అందులో పూడ్చిపెట్టాడు. అప్పుడు మిరియం ముందు చెయ్యి చాపి కూర్చున్నాడు. అది చాలాసేపు ఆలోచించి ఆ చెయ్యి నాకింది. సుంకి పరికిణీ తాడు కొసను నాన్న చేతిలో పెట్టింది. అతను లాగలేదు. మిరియం నడిచిన చోటికల్లా నడిచాడు.

ఆనాటి నుంచి ఆ కనుమలో కట్టుబాట్లు నాలుగయ్యాయి. కుక్క కూర్చుంటే మనిషీ కూర్చోవాలి.

మేకలు బీడు చేరె, మిరియం నీడ చేరె,
పులి గుట్ట చేరె, భయం మట్టి చేరె,
కథేమో కంచి చేరె, కునుకేమో కంటికి చేరె,
కాళ్ళు చాపుకో బంగారూ, కల మనింటి మంచం చేరె.