రేవు నెంబరు

వాగు ఒడ్డున ఉన్న గుమ్మడివాడలో ఎల్లమంద అనే రజకుడు ఉండేవాడు; పనిలో ఆయనకు సాటి లేదు గానీ, తెలియని సంగతి తెలియదని ఒప్పుకోవటమంటే మాత్రం ఆయనకు ప్రాణం పోయినంత పని.

బస్సు ఎన్నింటికని ఎవరైనా అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక టైము చెప్పి పంపేవాడు. ఆ మాట నమ్మినవాళ్ళు ఎండలో నిలబడి మాడిపోయేవాళ్ళు. అయినా మనిషి మంచివాడు, మాట మెత్తనివాడు. అందుకే రజక సంఘానికి ఆయన్నే పెద్దగా ఎన్నుకున్నారు.

ముప్ఫై ఇళ్ళవాళ్ళకు వాగు పక్కనున్న రేవే ఆధారం. ఉతికే బండలు, ఆరేసే దండేలు, బట్టలు ఉడకబెట్టే బాన పొయ్యిలు, అన్నీ అక్కడే. ఎల్లమంద బండ ఆయన తాత నాటిది. మూడు తరాల దెబ్బలకు దాని నడుమ పళ్ళెంలా లోతుపడి ఉండేది.

ఒకరోజు పొద్దున్నే బట్టల మూటలతో వెళ్ళేసరికి రేవు చుట్టూ ముళ్ళకంచె కనిపించింది. పక్క పొలం కొన్న కాంట్రాక్టరు పూర్ణయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఇదంతా నేను కొన్న పొలంలోదే. కాదంటే కాగితం చూపించండి" అన్నాడు.

అందరూ కలిసి ఆర్డీవో గారికి అర్జీ ఇచ్చుకున్నారు. ఆయన ఓపిగ్గా విన్నాడు. "శుక్రవారం విచారణ పెడతాను. అంతవరకు అక్కడ ఎవరూ ఏమీ కదిలించకూడదు. రేవు ప్రభుత్వ భూమే అయితే పాత రిజిస్టర్లో ఉంటుంది. దాని నకలు పట్టుకురండి" అన్నాడు.

"నకలు తెచ్చే పూచీ నాది" అన్నాడు ఎల్లమంద, ఎవరూ అడగకముందే.

మంగళవారం ఆయన తహశీల్దారు ఆఫీసుకు వెళ్ళాడు. రికార్డు రూము కిటికీ దగ్గర నాంచారమ్మ అనే ఉద్యోగిని కూర్చుని ఉంది. ఆమె వెనక నేల నుంచి పైకప్పు దాకా ఎర్రగుడ్డ చుట్టిన కట్టలు పేర్చి ఉన్నాయి.

"ఏం కావాలి బాబాయ్?"

"గుమ్మడివాడ రేవు కాగితాలమ్మా. అన్నీ కావాలి."

"రేవని చెప్తే దొరకదు బాబాయ్. ఇక్కడ అన్నీ సర్వే నెంబర్ల వరసలోనే ఉంటాయి. మీ రేవు నెంబరెంత?"

ఎల్లమంద ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకడు పూర్ణయ్య దగ్గర పనిచేసే మనిషి. వాడు చెవులు రిక్కించి వింటున్నాడు.

"తెలియకపోయినా ఫర్వాలేదు" అంది నాంచారమ్మ. "అదిగో, గోడకి మీ ఊరి పటం ఉంది. చూపించమంటే చూపిస్తాను. ఇంతకీ నెంబరు తెలుసా, తెలియదా?"

తెలియదమ్మా, చూపించు. రెండే రెండు మాటలు. అంతటితో పని సగం అయిపోయేది. ఆ రెండు మాటలూ మహానుభావుడి గొంతు దాటలేదు.

"తెలియకేం! తర్వాత వస్తాలే" అని కిటికీ దగ్గర నుంచి తప్పుకున్నాడు.

ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర వీరస్వామి అనే ఆయన ఎప్పుడూ కనిపించేవాడు. ఉద్యోగం లేదు గానీ, ఆఫీసు మొత్తం తన జేబులో ఉన్నట్టు మాట్లాడేవాడు. ఎల్లమంద సంగతంతా చెప్పుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! ఆ కిటికీ దగ్గర నువ్వెందుకు నిలబడటం బావా? నేను లోపలి మనిషికి చెప్తా. నెంబరెంత?" అన్నాడు వీరస్వామి.

"నీకు తెలియని నెంబరా!" అన్నాడు ఎల్లమంద.

"నాకు తెలియకేం!" అన్నాడు వీరస్వామి.

అలా తెలియని ఇద్దరూ తెలిసినట్టే తలలూపుకుని విడిపోయారు. గురువారం సాయంత్రానికి వీరస్వామి ఒక జిరాక్సు కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఎల్లమంద దాన్ని ఒక్కసారైనా చదవకుండా మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆయన భార్య మంగతాయి ఆ కాగితం తీసి వెనకా ముందూ తిప్పి చూసింది. "దీని మీద ఆఫీసు ముద్ర ఏదయ్యా? అసలిది మన రేవుదేనా?"

"ఆఫీసు సంగతులు నీకేం తెలుసు? అంతా సరిగ్గానే ఉంది" అని ఆయన విసుక్కున్నాడు.

శుక్రవారం విచారణకు ముప్ఫై ఇళ్ళవాళ్ళూ పని మానుకుని వచ్చారు. ఎల్లమంద ముందుకు వెళ్ళి కాగితం అందించాడు. ఆర్డీవో గారు చదివి, కళ్ళజోడు తీసి ఆయన వంక చూశాడు.

"ఏమయ్యా, ఇది నూట పద్దెనిమిదో నెంబరు. వాగు అవతలున్న శ్మశానం. మీరు బట్టలు ఉతికేది శ్మశానంలోనా?"

పూర్ణయ్య పక్కకు తిరిగి నవ్వాడు.

"పైగా ముద్ర లేదు, సంతకం లేదు. ఇది నకలే కాదు" అన్నాడు ఆర్డీవో గారు. "ఆధారం లేకుండా, ఏమీ కదిలించకూడదన్న నా ఉత్తర్వు పొడిగించలేను. బుధవారం పదిన్నరకు ఆఖరిసారి వింటాను. అప్పటికీ సరైన కాగితం రాకపోతే అర్జీ కొట్టేస్తాను."

ఉత్తర్వు పోయిందంటే ఏమిటో మర్నాడు పొద్దున్నే తెలిసింది. రేవులోకి జేసీబీ వచ్చింది. ఆడవాళ్ళు కేకలు వేస్తూ అడ్డం వెళ్ళారు. పూర్ణయ్య మనుషులు వాళ్ళను పక్కకు నెట్టారు. దండేల గుంజలు పుల్లల్లా విరిగాయి. బాన పొయ్యిలు మట్టిలో కలిసిపోయాయి. ఇనుప చెయ్యి ఎల్లమంద తాత బండను పైకెత్తి వదిలేసింది. అది నడిమికి రెండు ముక్కలయింది. ఆ చప్పుడు విని ఎల్లమంద చెవులు మూసుకున్నాడు. వీరస్వామికి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గర జరిగిందంతా భార్యకు చెప్పుకుని, అన్నం ముట్టకుండా గుమ్మంలో కూర్చున్నాడు. మంగతాయి మూటలు విప్పి బట్టలు వేరుచేస్తోంది. వాళ్ళ పనిలో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. రెండు చుక్కలో, ఒక గీతో, జీడిరసంతో బట్ట అంచు మీద పెడతారు. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ గుర్తు పోదు. మంగతాయి ఒక తెల్ల దుప్పటి తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఎవరింటిదో చెప్పు."

ఎల్లమంద నాలుగు అంచులూ చూశాడు. "గుర్తు లేదు కదే! గుర్తు లేకుండా ఇన్ని బట్టల్లో ఎవరిదని చెప్పను?"

మంగతాయి చేతిలో పని ఆపింది. "మరి కిటికీ దగ్గర ఆ అమ్మాయి నిన్ను అడిగిన నెంబరూ గుర్తే కదయ్యా. అన్ని కట్టల్లో నీ కాగితం ఆమె మాత్రం ఎలా తీస్తుంది?"

ఎల్లమంద దుప్పటి అంచులు మళ్ళీ తడిమి చూశాడు. సిగ్గుతో కళ్ళు చెమర్చాయి. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనిలోనే ఉన్న సంగతి తనకు ఇంతవరకు తట్టలేదు.

సోమవారం రికార్డు రూము కిటికీ తెరవకముందే ఆయన వెళ్ళి నిలబడ్డాడు. వెనక వరస పెరిగింది. పూర్ణయ్య మనిషి ఈసారీ అందులో ఉన్నాడు. కిటికీ తెరుచుకుంది.

"నెంబరు నాకు తెలియదమ్మా" అన్నాడు ఎల్లమంద, అందరికీ వినపడేట్టు. "పటం చూడటమూ రాదు. కాస్త చూపించు."

ఎవరూ నవ్వలేదు. పైగా వరసలోంచి ఒక ముసలమ్మ, "నాకూ తెలియదు నాయనా, నేనూ చూస్తాను" అంటూ పక్కకు వచ్చింది.

నాంచారమ్మ పటం ముందుకు వచ్చింది. "ఇదిగో వాగు. ఇది వంతెన. ఇప్పుడు మీ రేవు ఎటో మీరే చెప్పండి."

ఎల్లమంద వాగు గీత మీద వేలు పెట్టి నడిపించాడు. అవతలి ఒడ్డున శ్మశానం తగిలింది. వేలు ఇవతలికి తెచ్చాడు. రెండు పొలాలు దాటాక వాగు వంపు తిరిగిన చోట వేలు ఆగింది. "ఇదే. ఈ వంపులోనే మా బండలు."

"నూట ఇరవై ఒకటి" అని చదివింది నాంచారమ్మ. "ఇప్పుడు ఊరి పేరు, ఈ నెంబరు, పాత సెటిల్మెంటు రిజిస్టరు నకలు కావాలని రాసివ్వండి. అన్నీ కావాలని రాయకండి, కావలసింది ఒక్కటే రాయండి. కాగితం ఇచ్చాక రసీదు తీసుకోవటం మరిచిపోవద్దు."

"బుధవారం పదిన్నరకే విచారణమ్మా."

"ఆ సంగతి కూడా రాయండి. తేదీ రాసి ఉంటే ముందు మీ కట్ట విప్పటానికి నాకు ఆధారం ఉంటుంది."

ఎల్లమంద తన చేత్తోనే రాశాడు. ఫీజు కట్టాడు. రసీదు తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

మంగళవారం నకలు రాయటం అయింది. కానీ తహశీల్దారు గారు మీటింగుకు వెళ్ళారు, సంతకం కాలేదు. బుధవారం పదింటికి ఆఫీసు తెరిచారు. తహశీల్దారు గారి జీపు రాలేదు. పదీ పదిహేనయింది. రోడ్డు అవతలున్న ఆర్డీవో ఆఫీసు మెట్ల మీద పూర్ణయ్య కనిపిస్తున్నాడు. ఈసారి మాత్రం ఎల్లమంద టీ కొట్టు వైపు చూడలేదు. రసీదు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

పదీ ఇరవైకి జీపు వచ్చింది. నాంచారమ్మ ఫైలుతో ఎదురువెళ్ళింది. వరండాలోనే సంతకం పడింది, ముద్ర పడింది. "పరుగెత్తండి బాబాయ్!" అంది ఆమె. తడి ముద్ర చెరిగిపోకుండా కాగితాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని ఎల్లమంద రోడ్డు దాటాడు. లోపల అప్పటికే ఆయన పేరు రెండోసారి పిలుస్తున్నారు.

ఆర్డీవో గారు నకలు పైకే చదివాడు. "సర్వే నెంబరు నూట ఇరవై ఒకటి. ప్రభుత్వ పోరంబోకు. చాకలి రేవు." కాగితం బల్ల మీద పెట్టి పూర్ణయ్య వైపు తిరిగాడు. "సాయంత్రానికి కంచె తీసేయాలి. పాడుచేసినవన్నీ నీ ఖర్చుతో తిరిగి కట్టించాలి."

కంచె లేచిపోయింది. దండేలకు కొత్త గుంజలు పాతారు. పొయ్యిలు మళ్ళీ కట్టారు. కానీ తాత బండను అతికించే మేస్త్రీ ఎక్కడా లేడు. ఎల్లమంద దాని పెద్ద ముక్కనే నీటి అంచున నిలబెట్టి, దాని మీద ఎర్రరంగుతో 121 అని రాయించాడు. ఆ దారిన పోయేవాళ్ళు అదేమిటని అడిగితే దాచకుండా చెప్పేవాడు. "మొదటి రోజే తెలియదని ఒక్క మాట అని ఉంటే, ఇవాళ నా బండ నిండుగా ఉండేది" అనేవాడు.

ఇక బస్సు టైము అడిగినవాళ్ళకు, "నాకు తెలియదు, పదండి కనుక్కుందాం" అని చెప్పటం కూడా నేర్చుకున్నాడు.

నీతి: తెలియదని ఒప్పుకుని, కావలసినదాని గుర్తు కనుక్కుని, రాసి అడిగేవాడికి అందనిది లేదు, అడగటం నామోషీ అనుకునేవాడు చేతిలో ఉన్నది కూడా పోగొట్టుకుంటాడు.