చిలకమ్మ పొయ్యి ఎక్కనివ్వని గంప

అనగనగా కొండ అంచున, వాన విడవని ఓ చిన్న పల్లెలో చిలకమ్మ అని కొత్త కోడలు ఉండేదే బుజ్జీ. గొంతు సన్నం. కానీ వద్దంటే వద్దే!

ఆ ఏడు నాట్లు అయిపోయాయి. నాట్లేసిన వాళ్ళందరికీ భోజనం పెట్టాలని చిలకమ్మ మామగారు సుక్కన్న అడవికెళ్ళి గంపెడు పుట్టగొడుగులు తెచ్చాడు. తెల్లగా, ఆల్చిప్పల్లా ఉన్నాయి. "ఇవాళ వీటి కూరే. పొయ్యి వెలిగించు కోడలా," అన్నాడు.

చిలకమ్మ గంపలో చెయ్యి పెట్టి చూసింది. గంప లాగి తన వెనక పెట్టుకుంది. "ఇవి పొయ్యి ఎక్కవు మావయ్యా."

సుక్కన్న నవ్వాడు. "చీమలు తింటుంటే చూశానే. మంచివే."

"చీమ కడుపు వేరు, మన కడుపు వేరు."

"ఉడికిస్తే విషం పోతుందిలే."

"కొన్నిటిది పోదు."

"అయితే వెల్లుల్లి వేద్దాం. విషముంటే నల్లబడుతుంది. నలభై ఏళ్ళుగా తింటున్నా, నాకు చెప్పొచ్చావా?"

వాకిట్లో కూర్చున్న నాట్లవాళ్ళంతా "కొత్త కోడలికి ఎంత నోరు!" అన్నారు. చిలకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా పక్కకి జరగలేదు.

అప్పుడు గంపలోంచి ఒకదాన్ని ఏరింది. అదీ తెల్లదే. కానీ కాడ నిటారుగా ఉంది. కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర, కాడ అడుగున మట్టి, ఆ మట్టిలో గుడ్డు పెంకులాంటి తొడుగు. దాన్ని పాత మూకుట్లో, రెండు వెల్లుల్లి రెబ్బలతో ఉడికించింది. అందరూ వంగి చూశారు. వెల్లుల్లి మల్లెమొగ్గలా తెల్లగానే ఉంది.

"చూశావా!" అన్నాడు సుక్కన్న.

"చూశాను. మా అమ్మా చూసింది. ఇదే గొడుగు, ఇలాగే తెల్లటి వెల్లుల్లి. అది తిన్న వారం తిరక్కుండా మా తమ్ముడు పోయాడు." చిలకమ్మ మూకుడు ఎత్తి పట్టుకుంది. "చెప్పండి మావయ్యా, దీన్ని ఎవరి విస్తట్లో వెయ్యను?"



అప్పుడు అత్తగారు పైడమ్మ లేచింది. మూకుడు అందుకుని, గోతిలో పడేసి మన్ను కప్పింది. "గంపలో మంచివీ ఉన్నాయిగా," అన్నాడు సుక్కన్న మెల్లిగా. "ముక్కలు విరిగి కలిసిపోయాయి. అన్నీ పోవాల్సిందే," అంది చిలకమ్మ. గంపెడూ అదే గోతిలోకి వెళ్ళింది.

ఆ పూట అందరూ పప్పూ చారుతోనే తిన్నారు. గొణిగారు కూడా. చిలకమ్మ వినపడనట్టే వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే మంచి గొడుగులు వెతకడానికి చిలకమ్మ అడవికి బయల్దేరింది. వెనకాలే సుక్కన్న.

పడిపోయిన మాను దగ్గర ఆయన ఒకటి పీకి చూపించాడు. "ఇది?"

"నేలలోంచి వచ్చింది. మనకి కావలసిన ఆల్చిప్ప గొడుగు చచ్చిన చెక్క మీద గుత్తుగా మొలుస్తుంది."

పారేశాడు. మాను మీదది ఇంకోటి తెంపాడు. "ఇది?"

"తిరగేయండి. కింది రేకులు కాడ మీదకి జారలేదు. కాదు."

అదీ పారేశాడు. మూడోది తెంపి, తనే తిరగేసి చూసుకున్నాడు. కాడ పొట్టిగా, ఓ పక్కకి ఉంది. రేకులు కాడ మీదకి జారి ఉన్నాయి. "మరి ఇది?"

"ఇంకా చెప్పలేను. నల్ల పలక మీద బోర్లించి గిన్నె మూద్దాం. రేపటికి పొడి రాలుతుంది. తెల్లగానో లేత ఊదాగానో రాలితే సరి, గోధుమరంగైతే పారెయ్యడమే. ఏ ఒక్క గుర్తు తప్పినా వద్దు."

"ఒక్కటే తప్పితే?"

"వద్దు మావయ్యా."

సుక్కన్న ఈసారి వాదించలేదు. ఆ గుత్తంతా కోసుకుని ఇంటికొచ్చి, పలక తనే తెచ్చి పెట్టాడు. మర్నాడు దాని మీద తెల్లటి గీతలు చూసి, బాగా ఉడికించిన కూర తలా రెండు ముద్దలకే పెట్టుకున్నారు. నువ్వయితే బుజ్జీ, అడవి గొడుగు ముట్టనే కూడదు, తెలిసిన పెద్దవాళ్ళు చూడాలి. విన్నావా?

కథ నడిచె కంచికి,
గంప నడిచె ఇంటికి,
తెలియని గొడుగు మంటికి,
నిద్దర నీ కంటికి!