తొర్రలో కురిసిన వాన

నెమలికొండ అడవిలో కొండముచ్చులు, ముళ్లపందులు, ఉడుతలు ఉండేవి. అవేవీ అక్కడున్న ఒక నల్లమద్ది చెట్టు జోలికి మాత్రం వెళ్లేవి కావు. ఆ చెట్టు తొర్రకు ఉన్న చిన్న కంతలోంచి వెచ్చటి గాలి వచ్చేది. లోపల ఎవరో ఆగకుండా గొణుగుతున్నట్టు ఉండేది.

భయపడకండి పిల్లలూ, లోపల ఉన్నవి తేనెటీగలే. వీవన అనే ముసలి ఈగ, దాని తోటివి తమ గుమ్మమైన ఆ కంత దగ్గర వరుసగా నిలబడి రెక్కలు ఆడించేవి. లోపలి గాలిని బయటికి తోసేవి. గుమ్మానికి కాపలా గడియ అనే పడుచు ఈగ. అది ఒకసారి ఒక కందిరీగను తరిమింది, ఒక్కదాన్నే! అప్పటినుంచి దానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఏడు ముసురు పట్టింది. తేనెపట్టుల మీద చెమ్మ చేరింది. మైనపు గదుల్లోని తెల్లటి పిల్లపురుగులు చెమ్మకు తట్టుకోలేవు.

"తడి గుమ్మంలోంచే వస్తోంది. మైనంతో మూసేద్దాం" అంది గడియ.

"వద్దు తల్లీ. ఈ తడి మన ఊపిరిది, ఆరుతున్న పచ్చి తేనెది. దాన్ని బయటికి పంపాలి" అంది వీవన.

"ఊరుకో అవ్వా! ఎంతసేపూ రెక్కలాడించడం తప్ప నీకేం తెలుసు?"

ఈగలన్నీ నవ్వాయి. రెక్కలాడించి అలసిపోయిన వాటికి గడియ మాటే తీపిగా తోచింది. గుమ్మం మూసేశాయి.

గొణుగుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ తొర్రలో ఎప్పుడూ లేదు.

మర్నాడు పైనుంచి ఒక చుక్క పడింది. టప్. గడియ పైకప్పంతా వెతికింది. ఎక్కడా కంత లేదు. కనబడిన ప్రతి నెర్రెనూ మైనంతో పూడ్చింది. పూడ్చినకొద్దీ చుక్కలు ఎక్కువయ్యాయి. టప్. టప్. టప్.

మూడోనాడు చివరి పట్టు మీద బూజు పాకింది. తేనె పులిసి, ఎవరో నములుతున్నట్టు బుడబుడమంది. ఆ వరుసలో పిల్లలు కదలడం మానేశాయి. ఎంత ఘోరం!

"లోపల ఎవరో ఉన్నారు!" అని అరిచింది గడియ.

"ఉన్నది మనమే తల్లీ. బయటికి పోలేని మన ఊపిరే చుక్కలై కురుస్తోంది" అంది వీవన.

అది గుమ్మం దగ్గరికి పాకి, మైనాన్ని కొరకడం మొదలుపెట్టింది. సిగ్గుపడి మిగతా ఈగలూ కలిశాయి. గడియ మాత్రం రాలేదు. దొంగను పట్టి తీరతానంటూ చీకట్లోకి, పట్టుల వెనక్కి వెళ్లింది.

గుమ్మం తెరుచుకుంది. ఈగలన్నీ రెక్కలాడించాయి. లోపలి తడిగాలి కంపుకొడుతూ బయటికి పోయింది. సాయంత్రానికి చుక్కలు ఆగాయి. మిగిలిన పిల్లలు మెల్లగా కదిలాయి.

గడియ పులిసిన తేనెలో దొరికింది. రెక్కలు అతుక్కుపోయి ఉన్నాయి. ప్రాణం లేదు. దాన్నీ, చనిపోయిన పిల్లల్నీ ఈగలు ఒకటొకటిగా మోసుకెళ్లి బయట వదిలాయి.

పూలకాలం వచ్చేసరికి పట్టులు నిండాయి. రెక్కలాడించడం తెలియని ఈగకు వీవన ఇక కాపలా పని ఇవ్వనివ్వలేదు.

నీతి: ఆపదంతా బయటే ఉందని తలుపు మూసుకున్నవాడు, తన తప్పుతోనే ఒంటరిగా లోపల చిక్కుకుంటాడు.