మొదట వేసిన ముడి

రాజుగారి కొలువులో పంకా లాగేవాడొకడు ఉండేవాడు. తెల్లవారకముందే వెళ్ళేవాడు, దీపాలు పెట్టాక వచ్చేవాడు. పన్నెండేళ్ళుగా తన ఇంటి అరుగు మీద ఎండ ఎలా పడుతుందో అతను చూసింది లేదు.

చలికాలంలో కూడా పంకా ఊగుతూ ఉండడం ఆ రాజుగారి దర్జా. ఆ ఏడు కార్తీకంలో రాజుగారికి పడిశం పట్టింది. ముక్కు ముందు దర్జా ఎంతసేపు నిలుస్తుంది? "శివరాత్రి దాకా రావద్దు. పంకా తాడు ఇంటికి తీసుకుపోయి నూనె పట్టించు" అన్నారు.

మూడు నెలలకు పైగా తీరిక. అంత తీరికను ఎలా పట్టుకోవాలో తెలియక, పంకావాడు తాడు ఒక కొసను ఇంటి గుంజకు కట్టి దాని ముందు కూర్చున్నాడు. పంకావాళ్ళకు ఒక అలవాటుంది. చేయదలచుకున్న ప్రతి పనికీ తాడుకు ఒక ముడి వేస్తారు, పని అయ్యాక విప్పుతారు. విప్పడం మాత్రం వదులు కొస నుంచే, వరసగా. మధ్యలోది ముట్టుకుంటే తాడు చెడుతుందని వాళ్ళ నమ్మకం.

"నీకేం కావాలో చెప్పు. ముందు నీదే వేస్తాను" అన్నాడు భార్యతో.

ఆమెకు అప్పటికే దగ్గు. చాలాసేపు ఆలోచించి సిగ్గుపడుతూ చెప్పింది. "పొద్దున్నే మన అరుగు మీద నీరెండ పడుతుందయ్యా. నువ్వెప్పుడూ చూళ్ళేదు. ఒక్కరోజు ఇద్దరం కూర్చుందాం."

"అంతేనా!" అని నవ్వాడు. అన్నిటికంటే ముద్దైన కోరిక గనక అన్నిటికీ ముందు, గుంజ పక్కనే, గట్టిగా ముడి వేశాడు. తరవాత ఇల్లు కప్పడానికొకటి, అక్కను చూసి రావడానికొకటి, పేరు రాయడం నేర్చుకోవడానికొకటి, పిల్లనగ్రోవికొకటి. అయిదు ముడులు చూసుకుని ఆ పూట ఎంత సంబరపడ్డాడో!

పిల్లనగ్రోవి లొంగలేదు. ఎప్పుడూ తాడు లాగిన చెయ్యి కదా, ఊదుతుంటే అదే ముందుకీ వెనక్కీ ఊగేది. ఆ ముడి విప్పేసరికి మార్గశిరం సగం గడిచింది. పేరు రాయడానికి మరో మూడు వారాలు పట్టాయి. ఆమె ఇంట్లో పడుకుని తాడుకేసి చూస్తూ ఉండేది.

"నాది ముందు విప్పకూడదా?" అని అడిగిందొకరోజు.

"వరస తప్పకూడదే. మా అయ్య కూడా ఎప్పుడూ తప్పలేదు. ఎంతలో వస్తుంది, ఇంకా రెండేగా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఆమె మీద ప్రేమ లేనివాడసలే కాదు. ఆమె కోరికను ముందు కట్టాడు గనక ముందున్నట్టే అనుకున్నాడు.

అక్కను చూసి వచ్చాడు. ఇంటి మీదికెక్కి తాటాకు కప్పడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున ఆమె బొంత కప్పుకుని, గోడ పట్టుకుని, తనే అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"ఎండొచ్చింది. దిగవయ్యా" అని పైకి పిలిచింది.

"ఒక్క వరస ఉంది. రేపు నీ ముడే!" అన్నాడు పైనుంచి.

ఆమె కాసేపు పక్కన చోటుంచుకుని కూర్చుని, ఎండ జరిగిపోయాక లోపలికి వెళ్ళింది. సాయంత్రానికి ఇల్లు కప్పడం అయింది. అతను నాలుగో ముడి విప్పాడు.

మర్నాడు మంచు కురిసింది. ఎండ రాలేదు. ఆమె లేవలేదు.

శివరాత్రి వెళ్ళాక రాజభటుడు వచ్చి తాడు తీసుకుపోయాడు. పంకా మళ్ళీ ఊగింది గానీ, లాగినప్పుడల్లా ముడి కప్పీకి తగులుకుని సగంలో ఆగిపోయేది.

"గాలి సగమే వస్తోందేం?" అన్నారు రాజుగారు.

"ఒక ముడి ఉండిపోయింది మహారాజా."

"విప్పు."

"పని కాకుండా విప్పకూడదు."

"ఏమిటా పని?"

"నా భార్యతో ఎండలో కూర్చోవడం."

రాజుగారికి సంగతి తెలియదు. బయట బోలెడంత ఎండ ఉంది. "ఓస్, వెళ్ళి కూర్చుని రా" అన్నారు.

అతను వెళ్ళాడు. అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, చెమటతో తడిసి తిరిగి వచ్చాడు. తాడు పట్టుకున్నాడు. పంకా సగంలో ఆగింది. రాజుగారు అతని ముఖం చూసి, ముడి అలాగే ఉండనిమ్మన్నారు. ఆ వేసవంతా సగం గాలితోనే కొలువు జరిగింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఈసారి పడిశం లేకపోయినా రాజుగారు సెలవిచ్చారు. పంకావాడు తాడు తెచ్చి గుంజకు కట్టాడు. కొత్త ముడులేవీ వేయలేదు. రోజూ పొద్దున్నే అరుగు మీద నీడ పడే వైపు తను కూర్చుని, ఎండ పడే వైపు ఆమె బొంత పరిచేవాడు.

"మళ్ళీ తీరిక దొరికిందటగా. ఈ చలికాలం ఏమేం చేద్దామనుకుంటున్నావు?" అని దారినపోయే ఒకాయన పలకరించాడు.

"కొత్తవేం లేవు బాబూ. పోయినేటిది ఒకటి మిగిలిపోయింది" అన్నాడు.

ఈలోగా ఎండ కాస్త పక్కకు జరిగింది. అతను లేచి, బొంతను దాని వెంట జరిపాడు.