గవర్రాజు మేష్టారి అతుకులు

“తెగినదాన్ని కలపడం ధర్మమా, కాదా? ఆ ఒక్కటీ చెప్పండి గురువుగారూ,” అన్నాడు గవర్రాజు మేష్టారు, చెప్పులు విప్పుతూనే.

అడిగిన తీరు చూస్తే జవాబు కోసం వచ్చినవాడిలా లేడు, నిలదీయడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. పెద్దాపురంలో వీరభద్రాచారి గారు నగలపని చేసుకుంటూనే నలుగురికీ నాలుగు మంచిమాటలు చెబుతారని పేరు. నిజానికి ఆయన చెప్పేది తక్కువ. ఎవరేం అడిగినా వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టడం ఆయన అలవాటు. గవర్రాజు ఆయనకి పాత శిష్యుడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక, విడిపోయే మొగుడూపెళ్ళాల్ని కూర్చోబెట్టి కలపడం పనిగా పెట్టుకున్నాడు. తను చెయ్యి పెట్టిన సంసారం ఏదీ విడిపోలేదని చెప్పుకోవడం ఆ మేష్టారికి మహా సరదా.

ఇప్పుడు ఆ పేరుకి మచ్చ వచ్చేలా ఉంది. సామర్లకోట నూకరాజు భార్య తాయారు మళ్ళీ పుట్టింటికి వచ్చేసింది. ఇదివరకు మూడుసార్లు వచ్చినప్పుడూ మేష్టారే నచ్చజెప్పి పంపాడు. ఈసారి ససేమిరా అంటోంది. సాయంత్రం పెద్దలంతా మేష్టారి వాకిట్లో కూర్చోబోతున్నారు. నూకరాజు ఆటో కూడా మాట్లాడుకుని వస్తున్నాడు. ఈ పిల్ల చూస్తే, తనకేం పట్టనట్టు గురువుగారి అరుగు మీద కూర్చుని కూలికి పూసలు గుచ్చుతోంది. కుడి మణికట్టుకి కట్టు ఉండడంతో ఎడంచేత్తో తంటాలు పడుతోంది.

“మీరు ఒక్క మాటంటే వెళ్తుంది. ఊరందరికీ ఓర్పు బోధించే మీరు ఈ అమ్మాయి దగ్గర మాత్రం నోరు కట్టేసుకున్నారేంటండీ?”

“నేను వెళ్ళనండి మేష్టారూ,” అంది తాయారు తలెత్తకుండా. “ఈసారి వెళ్తే మళ్ళీ రావడానికి నేనుండను.”

“చూశారా, ఎలా బెదిరిస్తోందో?”

గురువుగారు కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టారు. “కరెంటు పొయ్యి మళ్ళీ పోయింది గవర్రాజూ. కుంకుడునీళ్ళు కాగలేదు. కాస్త దాని సంగతి చూడు.”

గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడొక కాపరం కూలిపోతుంటే ఈయనకి కుంకుడునీళ్ళ గొడవ. అయినా గురువు మాట కాదనలేక, విసురుగా వెళ్ళి పొయ్యి ముందు చతికిలబడ్డాడు.

ఆ పొయ్యి అతనికి కొత్తేం కాదు. గుండ్రటి మట్టిపళ్ళెం, దాని గాడిలో సుడులు తిరిగిన నైక్రోమ్ కాయిలు. నగలు కడిగే నీళ్ళు దానిమీదే కాగుతాయి. కాయిలు తెగినప్పుడల్లా మేష్టారే బాగుచేసేవాడు. మాడి పెళుసెక్కిన చివర్లు తుంచేసేవాడు, మంచిగా ఉన్న కొసలు ఒకదానికొకటి మెలేసేవాడు, గాడి నిండేలా సాగదీసి కూర్చోబెట్టేవాడు. అలా అతికిన ప్రతిసారీ పొయ్యి మునుపటికన్నా ఎర్రగా కాలేది, నీళ్ళు చిటికెలో మరిగేవి. “నా చెయ్యి పడ్డాక ఎలా పనిచేస్తోందో చూశారా?” అని మురిసిపోయేవాడు. కాకపోతే ప్రతి అతుకూ దాని ముందటి అతుకుకన్నా తొందరగా తెగేది. ఇవాళ కాయిలు తెగడమే కాకుండా ప్లగ్గు కరిగిపోయి, గోడంతా మసిబారింది.

ప్లగ్గు పీకేసి కాయిలు బయటికి లాగాడు. “తీగ ఒట్టి నాసిరకం అండీ. కొట్టువాడు మనల్ని నిలువునా ముంచాడు.”

“అయితే కొత్తది పట్రా. అచ్చం అలాంటిదే.”

అదే చాలనుకున్నాడు గవర్రాజు. పొద్దుట్నించీ ఎవరో ఒకర్ని నాలుగు దులిపెయ్యాలని నోరు దురద పెడుతోంది. బజారుకెళ్ళి, పాత కాయిలు కొట్టు బల్ల మీద గిరాటేశాడు. “ఏమయ్యా, మనుషులకి అమ్మే సరుకేనా ఇది? ఎన్నిసార్లు బాగుచేసినా నిలవదే. కొంప అంటుకునేది ఇవాళ.”

“ఎన్ని వాట్లదండీ?” అన్నాడు కొట్టతను.

“వెయ్యి.”

అతను అరలోంచి కొత్త కాయిలు తీసి ముందు పెట్టాడు. “అదే కంపెనీ, అదే మందం తీగండి. తేడా కనబడితే పట్టుకొచ్చెయ్యండి, మార్చిస్తాను.”

మాటకి మాట అంటే కడిగేసేవాడే. అవతలివాడు అంత నెమ్మదిగా ఉండేసరికి కోపం చల్లారక, పాతదీ కొత్తదీ పుచ్చుకుని బయటపడి, దార్లో తాయారుని, దాన్ని వెనకేసుకొచ్చే పుట్టింటివాళ్ళని, మాట్లాడని గురువుని వరసగా మనసులో తిట్టుకుంటూ వచ్చాడు. అతకడానికి తనొక్కడు, తెంపడానికి ఇంతమంది.

కొత్త కాయిలు పళ్ళెంలో పెట్టబోతుంటే గురువుగారు ఆపి, తమ తక్కెడ ముందుకి జరిపారు. “ఓసారి రెండూ తూచు.”

“ఇదేం బంగారమాండీ, తూచడానికి?” అంటూనే చెరో సిబ్బిలో చెరొకటి వేశాడు. కొత్తదున్న సిబ్బి కిందకి దిగింది. పాతది పైకి లేచి అక్కడే నిలబడిపోయింది.

“అంత తేలిపోయిందేం?” అన్నారు గురువుగారు.

“తెగినప్పుడల్లా మాడిన ముక్క తుంచి పారేశాను కదండీ, తగ్గదూ మరి?”

“తగ్గితే ఏమవుతుంది?”

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల చేత వల్లె వేయించిన పాఠమే అది. “తీగ కురచైన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుందండీ. ఇంకా ఎర్రగా కాలుతుంది. కాలిన కొద్దీ ఇంకా తొందరగా…” అంటూ ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ తను మురిసిపోయింది దేన్ని చూసో అప్పుడు తెలిసింది. కొట్టువాడిని అన్న మాటలు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

అరుగు మీద పూస ఒకటి జారి దొర్లితే, తాయారు ఒరిగి ఎడంచేత్తో అందుకుంది. ఆ కట్టు వంక గవర్రాజు మొదటిసారి తేరిపార చూశాడు. చూస్తుంటే తను చేసిన రాజీలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొదటిసారి మొగుడు కంచాలు విసిరాడని వచ్చింది. “అతనికి నచ్చనప్పుడు ఆ కుట్టుమిషను మానెయ్యరాదూ, తల్లీ?” అన్నాడు తను. మానేసింది. రెండోసారి చెంప కమిలి వచ్చింది. “అక్కచెల్లెళ్ళతో ఆ ఫోన్లు తగ్గించుకో, అదే సర్దుకుంటుంది,” అన్నాడు. తగ్గించుకుంది. మూడోసారి వీపు మీద వాతలతో వచ్చింది. “కొన్నాళ్ళు పుట్టింటి గడప తొక్కకమ్మా,” అన్నాడు. తొక్కలేదు, చెయ్యి విరిగేదాకా. పంపిన ప్రతిసారీ ఆ ఇంట్లోంచి చప్పుడు వినబడక, కాపరం కుదుటపడిందని ఊరంతా చాటుకున్నాడు. నూకరాజుని మాత్రం ఏదీ వదులుకోమని అడిగిన పాపాన పోలేదు. ఇకమీద సరిగ్గా ఉంటానని వాడు అనడం, తను వాడి భుజం తట్టడం, అంతే. ఇంత అన్యాయమూ తన నోటితోనే, తల్లీ అమ్మా అంటూ తియ్యగా చేశాడు. అది తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దుట్నించీ ఊరందరి మీదా తిరిగిన కోపం ఇప్పుడు వచ్చి తన మీదే పడింది.

సిబ్బిలోంచి పాత కాయిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “సాయంత్రం పెద్దలంతా వస్తారండీ. నన్నేం చెప్పమంటారు?”

గురువుగారు భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నారు.

“ఈసారి ఆ పిల్లలోంచి ఏం తుంచబోతున్నావో, ముందు అది చెప్పు వాళ్ళకి.”